ఆవిరి పట్టని అద్దాలు

"కళ్ళజోడు లేనివాడు లైన్లోంచి బయటికి రా," అన్నాడు ఆంథోని.

దేవ్‌సింగ్ ఒక్కడే బయటికి వచ్చాడు. మిగతా గార్డులంతా ఏదో ఒక జోడు తగిలించుకునే ఉన్నారు.

"సార్, పదేండ్ల సంది ఉత్త కండ్లతోనే కొడ్తున్న. ఒక్కసారి గూడ తప్పలే."

"పోయినేడు తూటా మందు ఎగిరి ఒకడి కన్ను పోబోయింది. అప్పట్నుంచీ కంపెనీ రూలు. రెండింటికల్లా జోడుతో రా. అయిదు గుండ్లల్లో మూడు తగలాలి. లేదంటే బందూకు ఇక్కడ పెట్టేసి, గేటు దగ్గర కర్ర పట్టుకు నిలబడు."

ఆంథోనిది మధిర. మిలటరీలో చేసి వచ్చి, క్వారీ మందుగుండు గోదాముకు కాపలా ఉండేవాళ్ళకు గురి నేర్పుతున్నాడు. ఆయన ముఖం మీద నల్ల ఫ్రేము జోడు ఎప్పుడూ ఉంటుంది. ఎండాకాలం ఎండ. గడ్డం మీదుగా చెమట కారుతోంది గానీ, ఆయన అద్దాలకు ఆవిరి చుక్క లేదు.

"మీది ఏడ కొన్నరు సార్?"

"మిలటరీది. బయట దొరకదు."

దేవ్‌సింగ్ సైకిలెక్కి జూలూరుపాడు వచ్చాడు. ఎస్టీడీ బూతు పక్కన కళ్ళజోళ్ళ బండి. జేబులోంచి గురికి పెట్టే నల్లచుక్క కాగితం తీసి, ఎదురుగా చెట్టు నీడన మొద్దుకు గుచ్చాడు. బండివాడి గొడుగు లాక్కుని భుజానికి ఆనించి గురి చూశాడు.

"నల్లద్దం పెడ్తే నల్లచుక్క మాయమైతంది. ఇంకోటియ్యి."

"అన్నా, నువ్వు కొనేది కళ్ళజోడా, బందూకా?"

పసుపు అద్దాలు పెట్టుకున్నాడు. బజారుకు బజారే కామెర్లు వచ్చినట్టు కనపడింది. మళ్ళీ గొడుగు ఎత్తాడు. ఎదురుగా జామకాయల గంప ముందు కూర్చున్న ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

"నా కాయలు అమ్ముడుపోయినంక కాల్చు బిడ్డా."

"తెల్లద్దాలది లేదా?" విసుగ్గా అడిగాడు దేవ్‌సింగ్.

"తెల్లది ఎవడు కొంటడే? పెండ్లిపిల్లను చూసేటోళ్ళు గూడ ఇన్ని చూడరు. గొడుగన్న ఇచ్చి పో."

చివరికి వెల్డింగు షాపులో దొరికింది. ఇనుము రాకేటప్పుడు పెట్టుకునే తెల్లద్దాల జోడు. నీళ్ళలా తేటగా ఉంది. నల్లచుక్క స్పష్టంగా కనపడింది. గండం గడిచిందనుకుని దేవ్‌సింగ్ వచ్చిన దారినే సైకిలు తొక్కాడు.

రెండింటికి క్వారీ గుట్ట కింద నేల పెనంలా కాలుతోంది. బందూకుకు చెంప ఆనించాడో లేదో, ఊపిరికి, చెమటకు అద్దాలు మసకబారాయి. మొదటి గుండు గురిబోర్డు వెనక మట్టికట్టలో దిగింది. చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. గురి చూసేలోగా మళ్ళీ అదే మసక. రెండో గుండు బోర్డు పైనుంచి పోయింది.

ఇక మిగిలినవి మూడు. మూడూ తగలాలి.

"సార్, ఒంటేలుకు పోయొస్త."

"రెండు గుండ్లకే వచ్చిందా?" వెనక లైన్లోంచి గార్డు రామ్‌సింగ్ అన్నాడు. అందరూ నవ్వారు. దేవ్‌సింగ్ నవ్వలేదు. బందూకు కింద పెట్టి టేకు చెట్ల వెనక్కి పోయి వచ్చాడు. జోడు సర్దుకుని బోర్లా పడుకున్నాడు.

మూడో గుండు చుక్కలో పడింది. నాలుగోదీ చుక్కలోనే. అయిదోది నాలుగోదాని పక్కనే తొలిచింది.

గార్డులంతా బోర్డు దగ్గరికి పరుగెత్తారు. ఆంథోని మాత్రం దేవ్‌సింగ్ దగ్గరికి వచ్చాడు.

"చూశావా? జోడు పెట్టమంటే ఏడ్చావు. ఇటియ్యి, వాళ్ళకీ చూపిస్తాను."

దేవ్‌సింగ్ రెండు చేతులతో జోడు పట్టుకున్నాడు. "వద్దు సార్. చెమట పట్టింది."

"తుడుస్తాలే."

ఆంథోని జోడు లాక్కుని, జేబురుమాలు తీసి అద్దం మీద వేలు పెట్టాడు. రుమాలుతో సహా వేలు అవతలికి వచ్చింది.

దేవ్‌సింగ్‌కు గేటు దగ్గర కర్ర కళ్ళముందు ఆడింది. "సార్, అద్దాలుంటే ఏం కనబడ్తలేదు సార్. పిల్లలు గలోన్ని," అన్నాడు నేల చూస్తూ.

ఆంథోని బోర్డు వైపు ఒకసారి చూశాడు. జోడు మడిచి దేవ్‌సింగ్ చొక్కా జేబులో పెట్టి, గుండీ కూడా తనే వేశాడు.

గుట్ట మీదినుంచి గాలి విసురుగా వచ్చింది. దుమ్ము లేచింది. ఆంథోని కంట్లో నలక పడింది.

ఆయన తన నల్ల ఫ్రేము జోడు తీయకుండానే, దానిలోంచి వేలు పెట్టి కన్ను నలుపుకున్నాడు.