పేము ముడి

కొత్త పేము జాతిని లోకానికి చాటబోతున్న పరిశోధకురాలిని పాత పేము కుర్చీ ఒకటి నిలువునా కూలేసింది.

కూర్చోగానే అల్లిక తెగి, ఆవిడ అందులోకి దిగబడిపోయింది. అటెండరు నవ్వు ఆపుకుంటూ రెండు చేతులూ పట్టి పైకి లాగాడు.

"కుర్చీలల్లే ముసలాయన ఒకాయన ఈ వారం మన వీధిలోనే తిరుగుతున్నాడు మేడమ్. రేపు పిలుచుకొస్తా."

మర్నాడు ముసలాయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. అరచేతుల నిండా పాత గీతలు.

ఎండిన మొక్కల నమూనాలు దాచే ఆ గదిలోనే ఓ మూల నేల మీద కూర్చుని, నానబెట్టిన పేము బద్దలతో పని మొదలుపెట్టాడు.

ఆవిడకు కుర్చీ ధ్యాస లేదు. పది రోజుల్లో వ్యాసం పత్రికకు పంపాలి.

బీరువాలో నలభై ఏళ్లుగా తప్పుడు పేరుతో పడి ఉన్న ఒక ఎండు తీగ, నిజానికి ఇంతవరకూ ఎవరూ వర్ణించని జాతి అని ఆవిడ కనిపెట్టింది. మబ్బులు కమ్ముకునే కొండ అడవిలో చెట్లను పట్టుకుని పైకి పాకే పేము అది. నాలుగేళ్ల కష్టం. అందులో తప్పు దొర్లిందా, ఇక ఆవిడ మాట ఎవరూ నమ్మరు.

రెండో రోజు మధ్యాహ్నం ముసలాయన మంచినీళ్లకు లేచాడు. బల్ల మీది బొమ్మ చూసి ఆగిపోయాడు.

"ఇది ఏ పేము అమ్మా?"

"కొత్తది తాతా. ఇంకా పేరు కూడా లేదు."

"తోకా ఉంది, కొరడా కూడా ఉందే!"

ఆకు చివర ముళ్లతో సాగే పొడుగాటి కొసను ఆయన తోక అంటున్నాడు. కాండం పక్కనుంచి పుట్టే ముళ్లతీగ కొరడా. పేము చెట్లెక్కేది వీటి ఆసరాతోనే.

"అదే దీని ప్రత్యేకత," అంది ఆవిడ గర్వంగా.

"ప్రత్యేకత కాదమ్మా, పొరపాటు. తోకతో ఎక్కేదానికి కొరడా ఎందుకు? ఈ కొరడా వేరే తీగది. వాన హడావిడిలో రెండూ ఒకే మూటలో కలిసిపోయుంటాయి."

ఆవిడ ముఖం మాడిపోయింది.

"నా చదువంతా దీని మీదే తాతా."

"చదువు లేకపోతే ఇంత చక్కటి బొమ్మ ఎలా వేస్తావు తల్లీ! కొరడా ఒక్కటీ తీసి పక్కన పెట్టు. మిగిలింది మాత్రం కొత్తదే. ముళ్లు చూడు, దువ్వెన పళ్లలా వరసకట్టి ఉన్నాయి. ఇలాంటిది ఏ బజారుకీ రాదు."

నీళ్లు తాగి, వెళ్లి మళ్లీ పనిలో పడ్డాడు.

అటెండరు ఊరుకుంటేగా!

"తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు మేడమ్. పేముకీ అదే లెక్కేమో!"

ఆవిడకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే కొరడా మొదలును భూతద్దం కింద పెట్టింది.

పది నిమిషాలు చూసింది. అది కాండానికి ఆనుకుని ఉందే తప్ప అందులోంచి పుట్టలేదు. దాన్ని అంటుకుని వచ్చిన కాండం పైపొర పీలిక మీద ముళ్లు వరసలో లేవు, ఎలాపడితే అలా ఉన్నాయి. రెండూ వేర్వేరు తీగలే.

ఇది ఇలాగే అచ్చయి ఉంటే నాలుగేళ్ల పనీ నవ్వులపాలయ్యేది.

లేచి వెళ్లి ముసలాయన ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"నా పరువు కాపాడావు తాతా. ఇంత ఎలా తెలుసు నీకు?"

"పేముతో బతికినవాణ్నమ్మా. దాని మంచీ చెడ్డా తెలియకపోతే ఎట్లా?" నవ్వాడాయన. "ఇంతకీ పేరేం పెడతావు?"

"దీన్ని అడవి నుంచి తెచ్చిన అధికారి పేరు. చీటీ మీద ఆయన సంతకం ఉంది."

ముసలాయన చేతిలోని బద్ద ఒక్క క్షణం ఆగింది.

"మంచి పేరు. పెట్టమ్మా."

మూడో రోజు సాయంత్రం ఆవిడ మీటింగు నుంచి వచ్చేసరికి కుర్చీ ఉంది, మనిషి లేడు. అల్లిక మీద వేలితో కొడితే ఖంగుమంది.

"ఎక్కడుంటాడాయన?"

"ఆయనకో ఊరా, వాడా మేడమ్? పనున్న చోటే మకాం."

కొన్నాళ్లకు వ్యాసం అచ్చయింది. నలుగురూ మెచ్చుకున్నారు. పేముకు అధికారి పేరు ఖాయమైంది. ఒకసారి అచ్చయిన పేరును ఇష్టమొచ్చినట్టు మార్చే వీలు ఈ శాస్త్రంలో లేదు.

నమూనాకు కొత్త పేరు చీటీ కట్టడానికి ఆవిడ బీరువా తెరిచింది. కాండం ముక్కలను పేము బద్దతోనే కట్ట కట్టి ఉంచారు. చీటీ దారం దూర్చుదామంటే ముడి సందివ్వలేదు. మొదలేదో చివరేదో తెలియని ముడి అది.

అటెండరు తొంగిచూశాడు.

"ఈ ముడి నేనెక్కడో చూశా మేడమ్!"

వెళ్లి ఆవిడ కుర్చీని బోర్లించాడు.

నాలుగు మూలలా అదే ముడి.

ఆవిడ గబగబా పాత చీటీ తీసింది. పైన అధికారి సంతకం. కింద, ఎన్నోసార్లు చదివి కూడా వ్యాసానికి అక్కర్లేదని వదిలేసిన రెండు వాక్యాలు:

'జోరువాన, నేను ఎక్కలేకపోయాను. కూలీ ఒకడు ఎక్కి, ముళ్లకు అరచేతులు చీరుకుపోతున్నా వదలక కోసి తెచ్చి, కట్ట కట్టాడు.'

తన గదిలో మూడు రోజులు నేల మీద కూర్చుని, 'మంచి పేరు, పెట్టమ్మా' అని వెళ్లిపోయినవాడు ఆ కూలీయే.