దరఖాస్తుకు తోడు ఉత్తరం

“కన్నీళ్ళు లేని అర్జీ ఎవడు చదువుతడే?” రామ్‌చందర్ కాగితాన్ని కూతురి ముందుకు తోశాడు.

“ఇది అర్జీ కాదు బాపూ. ఉద్యోగానికి ఉత్తరం.” లాలి దాన్ని వెనక్కి తోసింది.

పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. ఏన్కూరు మండలాఫీసు వరండాలో ఇరవై ఏళ్ళుగా జనానికి అర్జీలు రాసిపెడుతున్నాడు రామ్‌చందర్. ఈ ఉత్తరం కూడా ‘నిరుపేద గిరిజన కుటుంబమునకు చెందిన నేను తమరి పాదములకు నమస్కరించి’ అనే మొదలుపెట్టాడు. అందులో ఎండిపోయిన మిరపతోట ఉంది. తన ముసలితల్లి మోకాళ్ళ నొప్పులున్నాయి. పని గురించి ఒక్క ముక్క లేదు.

“నా మోకాళ్ళకేమైందిరా? మంచిగనే ఉన్నయి,” అంది గడపలో కూర్చున్న ముసలామె.

అడవి ఊళ్ళలో నెలలు నిండిన ఆడవాళ్ళను తారురోడ్డు మీది అంబులెన్సు దాకా చేర్చే పని అది. పాల్వంచలో ఓ సంస్థ ఇస్తోంది. ఏడో తరగతి చదివితే చాలు. కానీ ఆ పని ఎట్లా చేయగలరో చెబుతూ ఒక పేజీ ఉత్తరం జత చేయాలి. ఇవాళే ఆఖరు రోజు. పదకొండింటి బస్సు తప్పితే అంతే సంగతులు. గోడ గడియారం పదింబావు చూపిస్తోంది.

లాలి కొత్త కాగితం తీసింది.

“యాడీ! ఎన్ని ఊళ్ళు ఎరుక?” లోపలి గదిలో ట్రంకుపెట్టె వెతుకుతున్న తల్లిని కేకేసి అడిగింది.

“ఇప్పపువ్వు కొన్న ఊళ్ళు పద్నాలుగు. బీడీ ఆకు కోసిన ఊళ్ళు ఇంకో అయిదు,” హేమ్లి గొంతు వినబడింది.

‘నాకు పందొమ్మిది ఊళ్ళు తెలుసు’ అని రాసింది లాలి.

“కోయ మాట?”

“రాకుంటే బేరమెట్ల జేసిన?”

“వాగొస్తే?”

“మంచం బోర్లేసి, నాలుగు కాళ్ళకు తాళ్ళు గట్టి, బొంగుకు ఎక్కిస్తం. నిరుడు ముగ్గుర్ని దాటిచ్చినం. ముగ్గురూ పిల్లల్తోని ఇంటికొచ్చిండ్రు.”

అదీ రాసింది. కూతురి భుజం మీదుగా చదువుతున్న రామ్‌చందర్ ముఖం మాడిపోయింది.

“గివన్నీ అబద్ధాలేనా? వాగు అవతల ఏ ఊరుందో నీకు ఎరుకేనా? ఇంటర్ చదివినవ్, అదేమో రాయకపోతివి!”

“వాళ్ళు అడగలే గద బాపూ.”

“ఇంటర్వ్యూల రెండు ముక్కలు కోయల మాట్లాడమంటే నోరెళ్ళబెడ్తవ్. అర్జీల రామ్‌చందర్ బిడ్డ దొంగమాటలు రాసిందంటే నేను ఆఫీసుల తలెత్తుకోవాల్నా?”

లాలి చేతిచెమట తగిలి ఒక అక్షరం అలుక్కుపోతే దాని మీదే మళ్ళీ దిద్దింది. పది నలభై.

“యాడీ, జల్దీ! దొరికిందా?”

“ఇంతసేపు ఆ పెట్టెల ఏం దేవులాడుతున్నవే?” రామ్‌చందర్ భార్య మీద విసుక్కున్నాడు. మళ్ళీ కూతురి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “నా మాటిను బిడ్డా. దీని కింద సంతకం పెట్టకు.”

“నేను పెడ్తలేను బాపూ.”

రామ్‌చందర్ ఊపిరి పీల్చుకున్నాడు. తను రాసిన కాగితం అందుకుని, మడతలు సాపు చేసి, కూతురి ముందు పెట్టాడు.

అప్పుడు హేమ్లి బయటికొచ్చింది. పెళ్ళిళ్ళకు కట్టుకునే చీర కట్టుకుంది. చేతిలో అంచులు పురుగు కొట్టిన పసుప్పచ్చ కాగితం ఉంది. దాన్ని చాప మీద పెట్టి, లాలి చేతిలోంచి పెన్ను తీసుకుని, అత్తకూ మొగుడికీ వినబడేలా నిదానంగా చెప్పింది.

“నా ఏడో క్లాసు సర్టిఫికెట్ దొరికింది. సంతకం నేను పెడ్త.”