తలుపు చప్పుడు

"జాబితాలో తర్వాతిది చదువు," అంది రఫల్, వంకాయలో గుజ్జు తొలుస్తూ.

"దీపాలు," అంది కంప్యూటర్ ముందున్న మైస్.

"ఉంచు. పైకి జరుపు."

"ఒంటెలు. ఇవి రెండుసార్లు ఉన్నాయే! ఒకటి పాతది."

"పాతది తీసెయ్. రెండూ ఉంటే వాటిలో అవి కొట్టుకుంటాయి."

లోపల అన్నం కూరి వండే దోల్మాకి తొలవాల్సిన కాయలు ఇంకా సగం గిన్నెడున్నాయి. అమ్మ పోయాక ఇంట్లో వంటంతా రఫల్‌దే. కానీ ఈ వారం ఆమె మనసు గిన్నె మీద లేదు. గురువారం గ్రంథాలయం హాల్లో పెద్ద తెర మీద ఈ కంప్యూటర్ ఆట చూపించాలి. ఆమె, మైస్, ఇంకో నలుగురు అమ్మాయిలు కలిసి దిమ్మె మీద దిమ్మె పేర్చి, కూలిపోయిన మోసుల్ పాత బజారుని ఆటలో మళ్ళీ కట్టారు. ఆటతో వచ్చిన సామాను చాలక, బయటివాళ్ళు తయారుచేసిన మాడ్‌లు ఎక్కడెక్కడివో తెచ్చి కలిపారు. మొన్న చెక్కుడు తలుపుల మాడ్ కలిపినప్పటినుంచి మాత్రం ఏ తలుపు తీసినా ఆట బిగుసుకుపోతోంది. ఊరందరి ముందూ అలా బిగుసుకుపోతే ఇంకేమైనా ఉందా?

"మీ నాన్నని చూడాలి," అంది మైస్ నవ్వాపుకుంటూ. "ఆగిపోతే మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆ తలుపే తీస్తాడు. ఎంత ఓపికే అబూ సినాన్ బాబాయ్‌కి!"

పోయిన వారం అమ్మాయిలంతా ఇంటికొచ్చినప్పుడు నాన్న కంప్యూటర్ ముందే ఉన్నాడు. చెప్పులు విప్పి కుర్చీ పక్కన జోడించి పెట్టాడు. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. సందు చివర చిన్న ఇంటి తలుపు తీయడం, వేయడం, మళ్ళీ తీయడం. తీసినప్పుడల్లా ఒక నవ్వు. ఊరంతా బస్సు తిప్పిన మనిషి! వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు రఫల్ వంచిన తల వాళ్ళు వెళ్ళేదాకా ఎత్తలేదు.

"ఇదేంటే?" అంది మైస్. "అన్నిటికంటే అడుగున ఉంది. పేరు లేదు, ఒట్టి అంకె. లోపల ఒకే ఒక్క శబ్దం. తలుపుకి తగిలించారు."

"దొరికింది! తలుపులతో తగువు పడేది ఇదే. మా అన్నయ్య పనై ఉంటుంది. నాన్నని నవ్వించడానికి ఏ గాడిద ఓండ్రో పెట్టి ఉంటాడు."

"విని చూద్దామా?"

"స్పీకర్ పాడైందిగా. ఇయర్‌ఫోన్ నాన్న జేబులో ఉంది."

"వెళ్ళి అడగనా?"

"అడగకు తల్లీ! వచ్చి కూర్చుని, తలుపు ఎలా తీయాలో నీకు పాఠం చెబుతాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. తీసేసే ప్రతి మాడ్‌కీ ఒక నకలు దాచడం రఫల్ అలవాటు. ఈసారి దాచలేదు.

"తీసెయ్. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసెయ్. మళ్ళీ తెచ్చి పెట్టకుండా."

మైస్ ఆట తెరిచింది. బజారులో ఒక్కో తలుపూ తీసుకుంటూ పోయింది. ఒక్కటీ బిగుసుకోలేదు. రఫల్ తడి చేతులతోనే చప్పట్లు కొట్టింది.

అప్పుడే అన్నయ్య సినాన్ రొట్టెల సంచితో వచ్చాడు. బజార్లో ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది.

"ఇంకా పొయ్యి వెలగలేదా? కంప్యూటర్ నన్ను చూడమంటారా?"

"నువ్వు దాని జోలికి రాకు. అమ్మ ఫోన్ నెలంతా దగ్గర పెట్టుకుని, చివరికి పనికిరాదని పారేశావు."

సినాన్ ముందుగది వైపు ఒకసారి చూసి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

ముందుగదిలోంచి నాన్న వచ్చాడు. "మైస్, ఒక్క ఐదు నిమిషాలు కూర్చోనా అమ్మా?"

"రండి బాబాయ్, కూర్చోండి."

ఆయన చెప్పులు విప్పి జోడించాడు. మైస్ పెదవి కొరుక్కుంది. రఫల్ చూపు వంకాయల మీదికి తిప్పుకుంది.

నాన్న తలుపు తీశాడు. వేశాడు. తీశాడు. ఇయర్‌ఫోన్ బయటికి లాగి ఊదాడు. చొక్కా అంచుతో తుడిచి, రెండో చెవిలో పెట్టుకుని మళ్ళీ తీశాడు.

"రఫల్, ఈ తలుపు..."

"బాగుచేశాం నాన్నా. ఇక ఆగిపోదు."

"అది కాదమ్మా. దాని చప్పుడు?"

"ఆ పిచ్చి చప్పుడా? తీసేశాను. పూర్తిగా చెరిపేశాను. ఊరందరి ముందూ అది వినిపిస్తే మా పరువేం కాను?"

నాన్న ఇయర్‌ఫోన్ తీగను నెమ్మదిగా చుట్టాడు. జేబులో వేసుకోలేదు. బల్ల మీద పెట్టి లేచాడు. వీధి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. చెప్పులు కుర్చీ పక్కనే ఉండిపోయాయి.

సినాన్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నాన్నేంటి, వట్టి కాళ్ళతో వెళ్తున్నాడు?"

"అలక," అంది రఫల్. "తలుపుకి నువ్వు పెట్టిన గాడిద ఓండ్ర చెరిపేశానని."

సినాన్ కళ్ళు కుర్చీ పక్కనున్న చెప్పుల మీద నిలిచాయి.

"అందులో ఉన్నది, 'అబూ సినాన్, చెప్పులు విప్పి రా' అనే అమ్మ గొంతు."