మధ్యలో మంచు

“ఆపండి, ఆపండి! ఫుల్ పవర్ మీద పెట్టిన్రా ఏంది?”

అనుదీప్ అరిచిన అరుపుకి కీర్తన ఉలిక్కిపడి మైక్రోవేవ్ తలుపు లాగింది. గిన్నెలో కిలో చికెన్ అంచుల్లో తెల్లగా ఉడికిపోయింది. మధ్యలో మాత్రం రాయిలా గడ్డకట్టే ఉంది. పెళ్ళిచూపులని మైక్రోవేవ్‌కేం తెలుసు!

“అయ్యో, ఇప్పుడెలా అండీ? గ్యాస్ చూస్తే పొద్దున్నే అయిపోయింది. భోజనానికి పిలిచి పచ్చడి మెతుకులు పెడితే మా పరువేం కాను?”

“పరేషాన్ కాకండి. జర నాకియ్యండి.”

అశోక్‌నగర్‌లోని ఆ రెండో అంతస్తు ఇంటికి నారాయణగూడ నుంచి అనుదీప్, వాళ్ళ నాన్న శ్రీపతి వచ్చి గంటయింది. ఈ ఇంట్లో ఉండేది కీర్తన, వాళ్ళమ్మ రత్నమాల. సంబంధం చూసింది కీర్తన పిన్ని విద్యావతి. అందరూ మైసూర్‌పాక్ తినడం కాగానే ఆవిడ, “వాళ్ళిద్దర్నీ కాసేపు విడిగా మాట్లాడుకోనిద్దాం” అంటూ పెరుగు తెచ్చే నెపంతో చిక్కడపల్లి వైపు వెళ్ళిపోయింది. ఆ మాట వినగానే కీర్తన లేచి వంటింట్లోకి నడిచింది. ఇంకా హాల్లో కూర్చుంటే బాగుండదని అనుదీప్ కూడా వెనకాలే వచ్చాడు.

అతనికి ఈ సంబంధం ఎలాగైనా కుదరాలని ఉంది. ఏడేళ్ళుగా తమ ఇంట్లో పడేవి రెండు కంచాలే. ఆ డైనింగ్ టేబుల్ నిండా మనుషులుంటే ఎంత బాగుంటుందోనని నెల రోజులుగా ఒకటే ధ్యాస. తీరా వచ్చాక కీర్తన ముఖం చూస్తే ఏమీ అంతు చిక్కడం లేదు.

అతను ఊడివచ్చిన ముక్కల్ని వేరే పళ్ళెంలోకి తీసేసి, మిగిలిన గడ్డను తిరగేసి లోపల పెట్టాడు.

“ముప్పై శాతం పవర్, రెండు నిమిషాలు. ఆపాలె, తిప్పాలె, జరసేపు వదిలెయ్యాలె. తొందరపెడితే బయట ఉడుకుతది, నడుమ మంచు అట్లనే ఉంటది.”

“ఇదంతా మీకెవరు నేర్పారు?”

“మా నాన్న. మా ఇంట్ల వంట మాదే. ఆయన చేసింది నేను తింట, నేను చేసింది ఆయన తింటడు. వంకలు పెట్టుడు మాత్రం బంద్.”

కీర్తన ఫక్కున నవ్వింది. అంతలోనే నవ్వు మాని స్టూలు మీద కూర్చుంది.

“ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. పెళ్ళయ్యాక ఉద్యోగం మానెయ్యమంటే?”

“ఎవరంటరు? మా ఇంట్ల ఆ ముచ్చటే రాదు.”

“కోపతాపాలు?”

“కూరల ఉప్పెక్కువైతే నవ్వుకునేటోళ్ళం. మాకేం కోపాలండీ!”

ముక్కలు విడిపోయాయి. వాటికి మసాలా పట్టించి, లావు ముక్కలు అంచుల్లో, సన్నవి లోపలివైపు, నడుమ ఖాళీ ఉండేలా గాజుగిన్నెలో పేర్చి మూత పెట్టాడు. సగంలో ఆపి కలిపాడు. కీర్తన ఆ చేతులకేసే చూస్తోంది.

“వారం నుంచి నాకు ఒకటే ఆలోచనండీ. నేను వద్దంటే మా అమ్మ మారుమాట్లాడదు. అది తెలుసు గనకే భయం. తొందరపడి వద్దన్నా తప్పే, తొందరపడి సరేనన్నా తప్పే.”

అనుదీప్ గరిటె పక్కన పెట్టాడు.

“నాకైతే మీ ఇల్లు మస్తు నచ్చింది. కానీ మీరు మనసుల ఒకటి పెట్టుకుని మొహమాటానికి ఒప్పుకోవద్దు. ఎన్ని రోజులైనా ఆగుతం.”

మైక్రోవేవ్ కూత పెట్టింది. కీర్తన మూత తియ్యబోతే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఐదు నిమిషాలు ఆగండి. బంద్ చేసినంక కూడా లోపల ఉడుకుతనే ఉంటది.”

ఆ ఐదు నిమిషాల్లో ఇద్దరూ కంచాలు కడిగి తుడిచారు. తర్వాత కీర్తన అన్నిటికన్నా లావు ముక్కను ఎముకదాకా కోసి చూసింది. ఎక్కడా ఎరుపు లేదు, నీరు తేటగా ఉంది. చిన్న తునక నోట్లో వేసుకుంది.

“బాగుందండీ” అంది. “ఇంత ఓపిక నేర్పిన మనిషి ఉన్న ఇంట్లో ఎవరైనా సుఖంగానే ఉంటారు.”

గిన్నె పట్టుకుని ఇద్దరూ హాల్లోకి వచ్చేసరికి విద్యావతి పెరుగుతో సహా ప్రత్యక్షమైంది. రత్నమాల, శ్రీపతి చప్పున మాటలాపేశారు.

“ఏమ్మా, ఏం తేల్చావు?” ఆత్రంగా అడిగింది విద్యావతి.

“నాకిష్టమే పిన్నీ.”

సంతోషం పట్టలేక అనుదీప్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కీర్తన గిన్నె బల్ల మీద పెట్టి, వెళ్ళి రత్నమాల పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, పెళ్ళికూతురివి నువ్వు, ఇక నీ మాట చెప్పు!”