పడవలో మోటారు పీట

చీకటి పడేసరికి మెకానిక్కమ్మ చివరి బోల్టు కూడా బిగించేసింది. అట్టముక్కలతో మూడు నమూనాలు కోసి పారేశాక, నాలుగో కొలతకి చేసిన ఇనుప పీట అది. పడవలో పాత డీజిల్ ఇంజను ఉన్నచోటే, పాత బోల్టు రంధ్రాల్లోనే కుదురుగా కూర్చుంది. దానిమీద కొత్త కరెంటు మోటారు. వైర్లు ఇంకా కలపలేదు. షెడ్డులో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

మురిసిపోతూ పొరుగూళ్లో ఉన్న మొగుడికి ఫోన్ చేసింది.

"ఏమయ్యా, వెంట్రుకవాసి తేడా లేకుండా అతికిపోయింది!"

"నువ్వు చేస్తే అతక్కేం చేస్తుంది! సరేగానీ, ముందు ఆ ఇంజను ఆపవే. నీ మాట సగం వినబడట్లేదు."

"ఏ ఇంజను?"

"అదే, మన ముసలి డీజిలు. దాని దగ్గు నాకు తెలీదా?"

ఆ ఇంజన్ని పొద్దున్నే తుక్కుబండి ఎత్తుకుపోయింది. ఆ సంగతి ఆయనకింకా చెప్పలేదు.

ఆమె మెల్లగా చుట్టూ చూసింది. ఎక్కడా చప్పుడు లేదు. దూరాన ఉన్న మనిషిని కంగారు పెట్టడం ఎందుకని, "సరే, ఆపేస్తున్నా ఉండు," అంది. అన్నదే గానీ ఉన్నచోటి నుంచి కదల్లేదు.

"హమ్మయ్య, ఆగింది," అన్నాడాయన.