పుష్పాబాయి మాట

“పుష్పాబాయిగారి ఇల్లు ఇదేనా సారూ?”

అరుగు మీద కూర్చున్న వెంకటేశం పంతులు ఉలిక్కిపడ్డాడు. “ఇదే. నువ్వెవరమ్మా?”

“అన్నమ్మను. మిర్యాలగూడ నుంచి వచ్చిన. అక్క రాసిన కథ సదివిన. పత్రికల కోదాడ అని ఉంటే అడుక్కుంట వచ్చిన. ఒక్కసారి మాట్లాడి పోత.”

“జరమొచ్చి పండుకున్నది. ఏందో చెప్పు, నేనడిగొస్త.”

అన్నమ్మ అరుగు అంచున కూర్చుంది. రజాకార్ల గొడవ సద్దుమణిగి, బెజవాడ పత్రికలు మళ్ళీ బస్సుల్లో వస్తున్న రోజులవి. మిషన్ బడిలో నేర్చిన అక్షరాలతో ఆమె దొరికిన పత్రికనల్లా చదివేది. మొగుడి దెబ్బలకు తాళలేక సూర్యాపేటలో తల్లి దగ్గర చేరినప్పుడు ఆ కథ కంటబడింది. అందులో అలిగి వెళ్ళిన భార్య తిరిగి వస్తుంది. భర్త కన్నీళ్ళతో తలుపు తీస్తాడు.

“మొగోళ్ళ కథలల్ల పెండ్లాం ఎప్పుడూ తిరిగొస్తది సారూ. అవి నేను నమ్మ. గిది ఆడమనిషి రాసింది గద, ఎరుక లేంది రాయదని నమ్మి మొగని దగ్గరికి మళ్ల పోయిన.”

కొంగు తొలగించింది. మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన పుండు, ఇంకా పచ్చిగానే ఉంది.

వెంకటేశం ముఖం తిప్పుకున్నాడు.

“అమ్మ ఓర్సుకొమ్మంటది. చర్చి అయ్యగారు ప్రార్థన చేసుకొమ్మంటడు. ఇగ నాకు ఎవరు చెప్తరు? అక్కనడుగు సారూ, ఇంకా ఓర్సుకోవాల్నా? ఆమె ఎట్ల చెప్తే గట్ల చేస్త.”

అతను లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. చాలాసేపటికి బయటికి వచ్చాడు.

“ఏమన్నది?”

అతను ఆమె చేతి వైపు చూసి తల దించుకున్నాడు.

“నా చెయ్యి సూస్తే ఆమెనే చెప్తది.” అన్నమ్మ అతన్ని దాటుకుని తలుపు నెట్టింది.

మంచం మీద ఎవరూ లేరు. కిటికీ దగ్గర సిరాబుడ్డి, సగం రాసిన కాగితాలు.

“అక్క ఏది?”

వెంకటేశం గడప మీదే కూలబడ్డాడు. “ఆ కథ నేనే రాసిన తల్లీ.”

అన్నమ్మ కిటికీ దగ్గరి కాగితాల వైపు చూసింది. ఎవరి మాట నమ్మి మొగుడి గడప మళ్ళీ తొక్కిందో, ఇప్పుడు ఎవరి మాట కోసం ఇంత దూరం వచ్చిందో, ఆ మనిషే లేదు.

“మరి పుష్పాబాయి ఎవరు?”

“నా దెబ్బలు ఓర్వలేక పోయి, ఇయ్యాల్టిదాకా తిరిగి రాని నా పెండ్లాం.”