ఆవకాయకి తడి తగలకూడదు

కొడుకు సాత్విక్ పుట్టిన దగ్గర్నుంచీ కీర్తనకి తుమ్మంటే భయం.

తుమ్మితే రెండు చుక్కలు. దగ్గితే రెండు చుక్కలు. టీవీలో ఎవరన్నా నవ్వించబోతుంటే, వాళ్ళు నవ్వించేలోపే లేచి వంటింట్లోకి పోయేది. తుమ్ము తప్పేట్టు లేకపోతే ముందు కాళ్ళు మెలేసుకుని, తర్వాత తుమ్మేది.

“అదేం తుమ్మడమే అమ్మాయ్, కూచిపూడి ఆడుతున్నట్టు,” అనేది అత్తగారు రావమ్మ.

అసలు సంగతి ఆవిడకి చెబితే సాయంత్రానికి కంకిపాడు చేరుతుంది. అక్కడ ఆవిడ చెల్లెలు ఉంది, కీర్తనకి పిన్నత్తగారు. ఆ చెల్లెలికో కోడలుంది. పేరు సింధూరి.

రావమ్మ నోట పొద్దస్తమానం సింధూరి జపమే.

“తనకీ పిల్లాడు పుట్టాడు. ఎంత నెమ్మది వచ్చిందో చూడు. మా చెల్లెలు ఎన్నన్నా ఉలకదు, పలకదు. శుక్రవారం వచ్చిందంటే పిల్లాణ్ణి అత్తకి అప్పజెప్పి, అమ్మవారి దర్శనానికని బస్సెక్కి బెజవాడ వస్తుంది. నువ్వూ ఉన్నావు, కొండ పక్కనే ఉండి.”

ఉగాది వెళ్ళగానే రావమ్మ ఇంకో మాట చెప్పింది.

“ఈసారి ఆవకాయ కంకిపాడులో. రెండిళ్ళకీ కలిపి. కోడళ్ళిద్దరూ కలపాలి, మేం చూస్తాం. ఒకటే జాగ్రత్త. తడి తగలకూడదు. చెయ్యి తడి, గరిటె తడి, కట్టుకున్న బట్ట తడి, ఏదీ పనికిరాదు. చుక్క పడిందా, జాడీ అంతా బూజే.”

కీర్తనకి తన తుమ్ములు గుర్తొచ్చాయి. కారం, ఆవపిండి గాల్లోకి లేచాక తుమ్మని మనిషి ఉంటుందా? ఏడాది పొడుగునా రెండిళ్ళ వాళ్ళూ చప్పటి ముద్దలు తింటూ తనని తిట్టుకుంటున్నట్టు కల కూడా వచ్చింది.

మర్నాడే పిల్లాడికి చొక్కాలు కొనాలని చెప్పి గవర్నర్‌పేట వెళ్ళింది. మందుల షాపు మేడ మీద ఫిజియోథెరపీ. లోపల డాక్టర్ వేదశ్రీ.

“నడుం నొప్పా అమ్మా?”

“కాదండీ. తుమ్ములండీ.”

“తుమ్ములకి ముక్కు డాక్టరు గారమ్మా. పక్క సందులో ఉంటారు.”

“తుమ్మడం కాదండీ. తుమ్మాక అండీ.”

వేదశ్రీకి అర్థమైంది. కుర్చీ చూపించింది.

“కాన్పయ్యాక చాలామందికి ఉండేదేనమ్మా. మూత్రం సంచీని కింద నుంచి మోసే కండరాలు వదులవుతాయి. బిగించడం నేర్చుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.”

నేర్పింది. ఆపుకుంటున్నట్టు లోపలికి లాగి బిగించాలి. పది లెక్కపెట్టాలి. వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు. కాళ్ళు మెలేయకూడదు. మొహం మామూలుగా ఉండాలి. తుమ్మొచ్చే ముందు ఒక్క బిగింపు.

“రోజులో చాలాసార్లు చెయ్యాలి. పనుల్లో పడి మర్చిపోతారు. అందుకని ఇంట్లో మాటిమాటికీ వినపడేది ఏదన్నా గుర్తుగా పెట్టుకోండి. కుక్కర్ కూతో, గుడి గంటో. వినపడగానే బిగించాలి. మళ్ళీ మంగళవారం రండి.”

“శుక్రవారం రానా అండీ? గుడికని చెప్పి రావచ్చు.”

“శుక్రవారం వద్దమ్మా. అది ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి.”

ఇంటికెళ్తూ ఆటోలో కీర్తన ఆలోచించింది. కుక్కర్ పొద్దున కూసి ఊరుకుంటుంది. కొండ మీది గంట ఇంటిదాకా వినపడదు. ఆ ఇంట్లో మాటిమాటికీ వినపడేది ఒకటే ఉంది.

సింధూరి.

“సింధూరి అట్లు కాగితాల్లా పోస్తుందట,” అంది రావమ్మ. కీర్తన బిగించింది. “సింధూరి పుట్టింటి ఊసే ఎత్తదట.” వదిలి, మళ్ళీ బిగించింది. చూపు గోడ మీద నిలిపి, మొహం ప్రశాంతంగా పెట్టి.

రావమ్మకి ముచ్చటేసింది. కోడలు మూతి తిప్పడం లేదు. ఎదురు చెప్పడం లేదు. చెప్పింది బుద్ధిగా వింటోంది. మంచిమాట చెవికెక్కుతోంది కదా అని రెట్టింపు చెప్పసాగింది. ఎప్పుడన్నా ఆ పేరు రావడం ఆలస్యమైతే, “కంకిపాడులో అందరూ బాగున్నారా అత్తయ్యా?” అని కీర్తనే అడిగి తెప్పించుకునేది.

మే నెల వచ్చింది. కంకిపాడు ఇంటి వసారాలో చాపలు పరిచారు. తుడిచి ఆరబెట్టిన మామిడి ముక్కలు ఒక పక్క, కారం, ఆవపిండి, ఉప్పు ఒక పక్క, మధ్యలో ఖాళీ జాడీ. బేసిన్‌కి అటు కీర్తన, ఇటు సింధూరి. అక్కచెల్లెళ్ళిద్దరూ కుర్చీలేసుకుని అజమాయిషీ.

“ఉక్కపోస్తోందే,” అంటూ పిన్నత్తగారు ఫ్యాన్ వేసింది.

కారం లేచింది.

కీర్తన బిగించింది. తుమ్మింది. మళ్ళీ బిగించింది. మళ్ళీ తుమ్మింది. కాళ్ళు కదపలేదు. భయంభయంగా చూసుకుంది.

పొడి. ఎండుమిరపకాయంత పొడి.

సంతోషంతో కళ్ళ నీళ్ళు తిరిగాయి. కారం ఘాటనుకున్నారు అందరూ. “నీళ్ళు ముక్కల్లో పడేను, తల అటు తిప్పు,” అంది రావమ్మ.

ఎదురుగా సింధూరీ తుమ్మింది, కూర్చున్నచోటు నుంచి కదలకుండా.

“చూశావా సింధూరిని? తుమ్మినా మనిషి తొణకలేదు,” అంది రావమ్మ. అలవాటుకొద్దీ కీర్తన జాడీ మీద చూపు నిలిపి పది లెక్కపెట్టుకుంది.

పిన్నత్తగారు కోడలి వైపు తిరిగింది.

“నువ్వు కీర్తనని చూసి నేర్చుకోవే. మా అక్క ఎన్నన్నా ఆ పిల్ల మొహంలో విసుగుందా? కీర్తన ఇట్లా, కీర్తన అట్లా అని రోజూ చెప్పలేక నా నోరు పోతోంది.”

కీర్తన తెల్లబోయింది. కంకిపాడులో జరిగేది తన జపమా? పాపం, సింధూరి ఉలకలేదు, పలకలేదు. కళ్ళు జాడీ మీదే ఉన్నాయి. కీర్తనకి జాలేసింది. దగ్గరికి జరిగి, “ఏమనుకోకు సింధూ, పెద్దవాళ్ళు అట్లాగే అంటారు,” అంది మెల్లగా.

సింధూరి జాడీ మీంచి చూపు తిప్పకుండానే గొణిగింది. “ఇందాక నా పేరుకి నువ్వు పది లెక్కపెట్టుకున్నావు కదక్కా, ఇప్పుడు నీ పేరుకి నన్నూ లెక్కపెట్టుకోనీ.”